దవడ కొంత తీసేశాక మళ్లీ నమిలి తినాలంటే: ఇంప్లాంట్ల మీద పళ్ల సెట్టు దాకా ఏ దశలో ఏం చెయ్యాలి

దవడలో గడ్డ ఉంది, ఎముక కొంత తీసెయ్యాలి అని డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో ఎవరికీ పళ్ల సంగతి గుర్తు రాదు, రాకపోవడం సహజమే, ముందు ప్రాణం కదా. ఆపరేషన్ అయిపోయి, కుట్లు మాని, ముక్కులో పైపు తీసేసి జావ తాగడం మొదలయ్యాక అప్పుడు అడుగుతారు, మళ్లీ అన్నం నమిలి తినేది ఎప్పుడండీ అని. నేను ఇలాంటి వాళ్లకి పళ్లు కట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఆ ప్రశ్న అడగాల్సింది ఆపరేషన్‌కి ముందు. తీసినదాని బదులు వేరే ఎముక ఎక్కడ పెడతారు, ఎంత ఎత్తులో పెడతారు, కరెంటు (రేడియేషన్) పెడతారా లేదా, ఇవన్నీ తర్వాత పళ్లు నిలబడతాయా లేదా అన్నది తేల్చేస్తాయి. ఆపరేషన్ ఇప్పటికే అయిపోయిన వాళ్లు మొదటి రెండు దశలు ఒకసారి చదివి మూడో దశ నుంచి మొదలుపెట్టండి, వాళ్లకి కూడా చెయ్యగలిగింది చాలా ఉంది.

మన దగ్గర దవడ తీసేయాల్సి వచ్చే కారణాలు ముఖ్యంగా మూడు. గుట్కా, ఖైనీ, జర్దా వల్ల బుగ్గలో, చిగుళ్లలో వచ్చే క్యాన్సర్ (శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగే, ఆడవాళ్లకి అంగిట్లో వచ్చేది కూడా ఇందులోదే). రెండోది అమిలోబ్లాస్టోమా అనే గడ్డ, ఇది సాధారణంగా క్యాన్సర్ కాదు గానీ ఎముకని తినేస్తూ పెరుగుతుంది, వయసులో ఉన్న పిల్లలకే ఎక్కువ కనపడుతుంది. మూడోది 2021లో కోవిడ్ రెండో వేవ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి, అందులో బతికి బయటపడ్డవాళ్లలో ఎంతోమందికి పై దవడ లేదు. కారణాన్ని బట్టి దారి మారుతుంది, అందుకే ఇవి ముందే చెప్పాను.

మొదటి దశ: కోతకి ముందే పళ్ల డాక్టర్ని టీమ్‌లోకి తీసుకురండి

సర్జన్‌ని మొహమాటపడకుండా ఈ నాలుగూ అడగండి. ఎంత ఎముక తీస్తారు, ఎక్కడి నుంచి ఎక్కడికి? తీసిన చోట వేరే ఎముక పెడతారా, లోహపు ప్లేటు ఒక్కటే వేసి వదిలేస్తారా? తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సి వస్తుందా? ఇంప్లాంట్లు (పళ్లు నిలబెట్టడానికి ఎముకలో బిగించే స్క్రూలు) వేసే ఆలోచన ఉంటే ఎవరు వేస్తారు, ఎప్పుడు? ఈ నాలుగో ప్రశ్నకి చూద్దాంలే అని జవాబు వస్తే ప్రోస్థోడాంటిస్ట్ దగ్గరికి మీరే వెళ్లండి, ప్రోస్థోడాంటిస్ట్ అంటే కట్టుడు పళ్ల స్పెషలిస్టు.

ఆ డాక్టరు చేసే పని చిన్నదే. పై పళ్లు కింది పళ్లు అచ్చు తీస్తారు లేదా స్కానర్‌తో స్కాన్ చేస్తారు, నోరు మూసినప్పుడు పళ్లు ఎలా కలుస్తున్నాయో రికార్డు చేస్తారు, నవ్వుతున్న ఫోటోలు తీస్తారు. అరగంట పని. కానీ దవడ కోశాక ఆ కాటు మళ్లీ ఎక్కడా దొరకదు, అందుకే ఆ అచ్చుకి అంత విలువ. గడ్డ బాగా పెరిగిపోయి కాటు ఇప్పటికే మారిపోయినా సరే తీయించండి, పనికొస్తుంది.

ఇదే టైంలో నోరంతా క్లీనింగ్ చేయించాలి, పుచ్చిపోయి ఇక నిలబడవు అనుకున్న పళ్లు కరెంటు మొదలయ్యే కనీసం రెండు వారాల ముందే తీయించాలి, ఎందుకంటే కరెంటు పడ్డ ఎముకలో పన్ను పీకితే ఆ గాయం మానక ఎముకే చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. అలాగని తొందరపడి అన్నీ పీకించేసుకోవద్దు. ఆపరేషన్ జరగని పక్క ఉన్న ఒక్కొక్క గట్టి పన్ను మీకు తర్వాత ఎంత ఆసరా అవుతుందో ఇప్పుడు తెలియదు. ఏది ఉంచాలి ఏది తీయాలి అన్నది పళ్ల డాక్టరు, రేడియేషన్ డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి.

రెండో దశ: ఎముక ఎక్కడి నుంచి తెస్తారు, ఏ ఎత్తులో పెడతారు

ఇంప్లాంట్ అంటే ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని చుట్టూ ఎముక పెరిగి పట్టుకుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి మనిషి దవడలో వేసింది ఈ సూత్రం మీదే. కాబట్టి తీసిన చోట ఎముక లేకుండా ప్లేటు ఒక్కటే ఉంటే అక్కడ ఇంప్లాంట్ వెయ్యడానికి చోటే ఉండదు. పైగా కరెంటు పడితే ఆ ప్లేటు చర్మంలోంచి బయటపడటం, కొన్నేళ్లకి విరగడం కూడా చూస్తుంటాం. వయసు మీదపడి, గుండె జబ్బు ఉండి, పది పన్నెండు గంటల ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకి ప్లేటు సరైన నిర్ణయమే కావచ్చు. కానీ అలా ఎందుకు నిర్ణయించారో మీకు తెలిసుండాలి.

ఎక్కువగా వాడేది కాలి ఎముక. మోకాలికీ చీలమండకీ మధ్య రెండు ఎముకలుంటాయి, ఒంటి బరువు దాదాపు అంతా లావుదాని మీదే ఉంటుంది, పక్కన ఉండే సన్నదాన్ని ఫిబ్యులా అంటారు, దాన్ని రక్తనాళంతో సహా తీసి మెడలో రక్తనాళాలకి మైక్రోస్కోప్ కింద కుడతారు. దవడకి ఇలా మొదట వాడింది అమెరికాలో హిడాల్గో, 1989లో పేపర్ వచ్చింది. పైన కింద ఆరేడు సెంటీమీటర్లు వదిలేసి మధ్యలోది తీస్తారు కాబట్టి మళ్లీ నడుస్తారు, మొదట్లో కొన్ని వారాలు కుంటుతారు, బొటనవేలు కొంచెం బలహీనంగా అనిపించొచ్చు. ఆపరేషన్‌కి ముందు కాలి రక్తనాళాల స్కాన్ అడగండి, సిగరెట్లు తాగేవాళ్లకీ షుగర్ ఉన్నవాళ్లకీ అది తప్పనిసరి. గ్యాప్ చిన్నదైతే, కరెంటు అవసరం లేని గడ్డ అయితే తుంటి ఎముక కూడా బాగుంటుంది, ఎత్తు ఎక్కువ వస్తుంది.

ఇక్కడే ఎక్కువ కేసులు పళ్ల దగ్గరకొచ్చేసరికి ఇబ్బందిలో పడతాయి. పళ్లున్న మనిషి కింది దవడ ఎత్తు సుమారు 30 మి.మీ. ఉంటుంది, కాలి ఎముక మందం 12 నుంచి 15 మి.మీ. మాత్రమే. ముఖం షేపు బాగా రావాలని సర్జన్ ఆ ఎముకని దవడ కింది అంచు వెంబడి పెడతాడు, బయటికి చూస్తే గడ్డం గీత చక్కగా ఉంటుంది, కానీ లోపల ఎముకకీ పై పళ్లకీ మధ్య రెండు సెంటీమీటర్ల పైన ఖాళీ మిగిలిపోతుంది. అంత పొడుగు పళ్లని పొట్టి ఇంప్లాంట్ మీద నిలబెట్టడం పొడుగు వెదురు గడని జానెడు లోతులో పాతినట్టే, నమిలిన ప్రతిసారీ ఊగుతుంది, స్క్రూలు వదులవుతాయి, చుట్టూ ఎముక కరుగుతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. ఎముకని మడిచి రెండు వరసలుగా ఒకదానిపై ఒకటి పెట్టడం ఒకటి, దాన్ని డబుల్ బ్యారెల్ అంటారు. లేదా ఎముకని కింది అంచు నుంచి సెంటీమీటరు దాకా పైకి జరిపి పెట్టి, కింద షేపుని ప్లేటుతో నిలబెట్టడం. ఎత్తు ఒక్కటే కాదు, అడ్డంగా కూడా ఎముక పై పళ్ల కిందికే రావాలి, మరీ బయటికో నాలుక వైపుకో పోతే పళ్లు ఎముక మీద కూర్చోవు.

ఇదంతా ముందే లెక్కేసి చెయ్యడానికే కంప్యూటర్ ప్లానింగ్ ఉంది. దవడ సీటీ, కాలి సీటీ, పళ్ల స్కాన్, మూడూ కలిపి ముందు పళ్లు ఎక్కడుండాలో గీసుకుంటారు, ఆ పళ్ల కింద ఇంప్లాంట్లు, ఆ ఇంప్లాంట్ల కింద ఎముక. తర్వాత ఎముక ఎక్కడ ఏ కోణంలో కోయాలో చూపే గైడ్లు త్రీడీ ప్రింట్ చేసి థియేటర్‌కి తీసుకెళ్తారు. అమెరికాలో జా ఇన్ ఎ డే (ఒక్క రోజులో దవడ) అని ఒకే ఆపరేషన్‌లో దవడ తీసి, కాలి ఎముక పెట్టి, ఇంప్లాంట్లు, తాత్కాలిక పళ్లు కూడా బిగించి బయటికి పంపిన కేసులున్నాయి, ఎక్కువగా క్యాన్సర్ కాని గడ్డలకి. అది అందరికీ కుదరదు, అవసరం కూడా లేదు. డబ్బులు సరిపోకపోతే దవడ మోడల్ ఒక్కటి త్రీడీ ప్రింట్ చేయించుకుని దాని మీద ప్లేటు ముందే వంచి పెట్టుకున్నా చాలా మేలు, ఖర్చు బాగా తగ్గుతుంది.

మూడో దశ: నోరు మూసుకుపోకుండా కాపాడుకోండి

నా ఉద్దేశంలో మొత్తం ఈ ప్రయాణంలో పేషెంటు చేతిలో ఉన్న అతి పెద్ద పని ఇదే, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. ఆపరేషన్ మచ్చ, దాని మీద కరెంటు, అంతకుముందే గుట్కా వల్ల బిగుసుకుపోయిన బుగ్గలు, అన్నీ కలిసి నెలనెలా నోరు మూసుకుపోతూ ఉంటుంది. పై పళ్ల అంచు నుంచి కింది పళ్ల అంచు దాకా 35 మి.మీ. కంటే తక్కువ తెరుచుకుంటే నోరు బిగుసుకున్నట్టు లెక్క. ఇంప్లాంట్ వెయ్యాలంటే డ్రిల్లు, దాని హ్యాండ్‌పీసు రెండూ వెనక పళ్ల చోటు దాకా నిలువుగా పట్టాలి, 20 మి.మీ. తెరుచుకునే నోట్లో అది దాదాపు అసాధ్యం. ఎముక ఎంత బాగా పెట్టినా నోరు తెరుచుకోక పళ్లు కట్టలేకపోయిన వాళ్లని చూస్తే చాలా బాధేస్తుంది, ఎందుకంటే ముందు నుంచీ జాగ్రత్తపడితే వాళ్లలో చాలామందికి నోరు నిలిచేది.

సర్జన్ సరే అన్న రోజు నుంచి మొదలుపెట్టండి, కొత్త ఎముక పెట్టిన వాళ్లు ఆయన్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. మామూలు ఐస్‌క్రీమ్ చెక్క పుల్లలు కొనుక్కోండి. నోరు ఎంత తెరుచుకుంటే అన్ని పుల్లలు దొంతరగా పెట్టి వెనక పళ్ల మధ్యకి పోనిచ్చి, ఆ దొంతర మధ్యలోకి ఇంకో పుల్ల మెల్లగా దూర్చి, సాగినట్టు అనిపించిన చోట అరనిమిషం ఆగండి. కొద్దిగా నొప్పి పరవాలేదు, కళ్లలో నీళ్లొచ్చేంత వద్దు. రోజుకి నాలుగైదు సార్లు. ఎన్ని పుల్లలు పట్టాయో వారానికోసారి క్యాలెండర్ మీద రాసి పెట్టండి, తగ్గుతుంటే డాక్టర్‌కి చూపించండి. కరెంటు పెట్టే వారాల్లో నోరంతా పుండ్లు పడి చెయ్యబుద్ధి కాదు, అప్పుడు కొంచెం తగ్గించండి గానీ పూర్తిగా మానొద్దు. కరెంటు అయిపోయాక కూడా నెలల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది కాబట్టి దీన్ని స్నానం లాగా రోజూ అలవాటు చేసుకోవాల్సిందే.

కింది దవడ తెగి, మధ్యలో ఎముక పెట్టకుండా వదిలేసిన వాళ్లకి ఇంకో సమస్య, మిగిలిన సగం దవడ ఆపరేషన్ అయిన పక్కకి గుంజుకుపోతుంది. అద్దం ముందు కూర్చుని చూడండి, పై ముందు పళ్ల మధ్య గీత, కింది ముందు పళ్ల మధ్య గీత ఒకే లైనులో ఉన్నాయా? లేకపోతే అరచేత్తో గడ్డాన్ని మంచి పక్కకి మెల్లగా నెట్టి, ఆ రెండు గీతలూ కలిపి, పళ్లు కొరికి పది అంకెలు లెక్కపెట్టండి, వదలండి, మళ్లీ. సాధారణంగా ఆపరేషన్ అయిన రెండో వారం నుంచి ఇది మొదలుపెట్టిస్తారు. దాంతో రాకపోతే గైడ్ ఫ్లాంజ్ అని ఒక ప్లాస్టిక్ రెక్క ఉన్న ప్లేటు చేసిస్తాం, నోరు మూస్తుంటే అదే దవడని సరైన చోటికి జార్చుకొస్తుంది. మచ్చ గట్టిపడకముందే ఇస్తే బాగా పనిచేస్తుంది, ఏడాది తర్వాత వస్తే మేం చెయ్యగలిగింది తక్కువ.

పై దవడ పోయిన వాళ్ల సంగతి

పై దవడ తీసేస్తే నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోతుంది, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. ఈ రంధ్రాన్ని మూసే ప్లేటుని ఆబ్ట్యురేటర్ అంటారు. ముందే అచ్చు ఇచ్చి ఉంటే ఆపరేషన్ టేబుల్ మీదే ఒకటి బిగించి పంపుతారు, లేచిన రోజే కాస్త అర్థమయ్యేలా మాట్లాడగలరు. వారం పది రోజుల తర్వాత తాత్కాలికం ఇంకోటి, గాయం పూర్తిగా కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకి అసలుది. ఒక పక్క గట్టి పళ్లుంటే వాటికే పట్టించి ఇంప్లాంట్లు లేకుండా కూడా బాగా నడుస్తుంది, నేనైతే అలాంటి వాళ్లని ఇంప్లాంట్ల వైపు తొందరపెట్టను.

పళ్లే లేకపోతే, రెండు పక్కలా ఎముక పోతే చెంప ఎముకలోకి వేసే పొడుగు ఇంప్లాంట్లున్నాయి, జైగోమాటిక్ అంటారు, మామూలువి 8 నుంచి 13 మి.మీ. ఉంటే ఇవి 30 నుంచి 52 మి.మీ. దాకా ఉంటాయి, పైన కంటి గుంత పక్కనే పోతాయి కాబట్టి బాగా అనుభవం ఉన్నవాళ్లే వెయ్యాలి. మనిషి సీటీని బట్టి టైటానియంలో ప్రింట్ చేసి మిగిలిన ఎముకకి స్క్రూలతో బిగించే ఫ్రేములు కూడా మన దేశంలో బ్లాక్ ఫంగస్ తర్వాత బాగా పెరిగాయి. బ్లాక్ ఫంగస్ వాళ్లు ఏది చేయించుకున్నా ముందు మందుల కోర్సు పూర్తయి ఉండాలి, స్కాన్‌లో, ఎండోస్కోపీలో ఫంగస్ లేదని ఈఎన్‌టీ డాక్టరు చెప్పాలి, షుగర్ అదుపులో ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా ఆగండి.

నాలుగో దశ: ఇంప్లాంట్లు ఎప్పుడు వెయ్యాలి

క్యాన్సర్ కాని గడ్డ అయితే ఎముక పెట్టినప్పుడే వెయ్యొచ్చు, లేదా ఎముక అతుక్కున్నాక ఆరు నెలలకి. క్యాన్సర్ అయితే డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మొదటి ఆపరేషన్‌లోనే వేస్తే కరెంటు మొదలయ్యే ఆరు వారాల్లోపు ఎముక కొంత పట్టుకుంటుంది, కరెంటు పడ్డ ఎముకలో మళ్లీ డ్రిల్ చెయ్యాల్సిన పని ఉండదు, పళ్లు తొందరగా వస్తాయి. కానీ ప్లానింగ్ లేకుండా వేస్తే వంకరగా పడి, తర్వాత పళ్లు కట్టడానికి పనికిరాని ఇంప్లాంట్లు ఎముకలోనే ఉండిపోతాయి, జబ్బు మళ్లీ వస్తే అంతా వృథా. రెండో దారి కరెంటు అయ్యాక కనీసం ఆరు నెలలు, చాలా చోట్ల ఏడాది ఆగి, జబ్బు లేదని తేలాక వెయ్యడం. కంప్యూటర్ ప్లానింగ్, సర్జన్, పళ్ల డాక్టరు ఒకే చోట కలిసి పనిచేసే ఆస్పత్రి అయితే మొదటిది మంచిదే, అలా కాకపోతే ఆగడమే మేలని నా అభిప్రాయం.

ఆగే దారి ఎంచుకుంటే రేడియేషన్ డాక్టర్ని ఒక కాగితం అడగండి, దవడలో ఏ చోట ఎన్ని గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) డోసు పడిందో చూపే మ్యాప్. మొత్తం 60 గ్రే అని డిశ్చార్జ్ సమ్మరీలో రాస్తారు గానీ ఇంప్లాంట్ వెయ్యబోయే చోట పడింది 35 కావచ్చు, 62 కావచ్చు, రెండింటికీ చాలా తేడా ఉంది, 50 దాటిన చోట ఎముక మానకపోయే భయం పెరుగుతుంది. ఎముకలు గట్టిపడటానికి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు ఎప్పుడైనా తీసుకుని ఉంటే తప్పకుండా చెప్పండి, మర్చిపోయి వేయించుకుంటే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. మూడు నెలల సగటు చూపే షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఏడు దగ్గర్లో ఉండాలి. పొగాకు ఏ రూపంలోనైనా పూర్తిగా మానెయ్యాలి, ఇందులో బేరం లేదు.

వేసే రోజు పెద్ద భయం అక్కర్లేదు, చాలా కేసుల్లో ఆ చోటికి మాత్రమే ఇచ్చే మత్తు ఇంజెక్షన్ చాలు, అడ్డొచ్చే పాత ప్లేటు స్క్రూలు ఒకటి రెండు తీస్తారు. కొత్త ఎముక భాగంలో సాధారణంగా మూడు నాలుగు, దవడ మొత్తం అయితే నాలుగు నుంచి ఆరు వేస్తారు. కాలి ఎముకని ముక్కలుగా కోసి వంపు తిప్పుతారు కదా, ఆ ముక్కలు కలిసే అతుకు మీద ఇంప్లాంట్ పడకూడదు. తర్వాత నాలుగు నుంచి ఆరు నెలలు కదపకుండా ఉంచాలి.

ఐదో దశ: చిగురు లేని చోట చిగురు లాంటిది తయారు చెయ్యడం

దీని గురించి పేషెంట్లకి ఎవరూ ముందుగా చెప్పరు. కాలి ఎముకతో పాటు కాలి చర్మం కూడా తెచ్చి నోట్లో కుడతారు, అది మందంగా, మెత్తగా, కదులుతూ ఉంటుంది, మగవాళ్లకి దాని మీద వెంట్రుకలు కూడా వస్తాయి. అసలు చిగురు ఎముకకి గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి పన్ను చుట్టూ సీలు లాగా ఉండి లోపలికి ఏమీ పోనివ్వదు, ఈ చర్మం అలా ఉండదు. ఇంప్లాంట్ మీద నేరుగా పళ్లు బిగించేస్తే చుట్టూ ఎర్రగా కండ పెరిగి, ముట్టుకుంటే రక్తం కారుతుంది, కోసేస్తే మళ్లీ పెరుగుతుంది.

అందుకే ఇంప్లాంట్లు తెరిచే రోజున లేదా దానికి ముందు ఇంకో చిన్న ఆపరేషన్ చేస్తారు. చర్మం కింద కొవ్వు తీసి పలచన చేస్తారు, బుగ్గకీ దవడకీ మధ్య మూసుకుపోయిన సందుని మళ్లీ లోతు చేస్తారు, అంగిలి నుంచి పలచటి పొర గానీ తొడ నుంచి చర్మం పొర గానీ తెచ్చి ఎముక మీద అతికిస్తారు. అది కదలకుండా ఒక ప్లాస్టిక్ ప్లేటుని ఇంప్లాంట్లకే స్క్రూలతో బిగించి వారం పది రోజులు ఉంచుతారు. అంగిలి కోసిన చోట కొన్ని రోజులు అన్నం తింటే మంటగా ఉంటుంది, కారం తగ్గించుకుని పెరుగన్నంతో గడపండి. ఇంకో ఆపరేషనా అని దీన్ని దాటవెయ్యకండి, ఐదేళ్ల తర్వాత ఇంప్లాంట్లు బాగున్నవాళ్లలో ఎక్కువమంది ఈ పని సరిగ్గా చేయించుకున్నవాళ్లే అని నాకు అనిపిస్తుంది.

ఆరో దశ: పళ్లు కట్టడం

ముందు తేల్చుకోవాల్సింది, తీసి పెట్టుకునేదా, బిగించేసేదా. అందరూ బిగించేదే అడుగుతారు. క్యాన్సర్ కాని గడ్డ, వయసులో ఉన్న మనిషి, ఎముక మంచి ఎత్తులో ఉంది అంటే నేనూ అదే చెప్తాను. కానీ క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి తీసి పెట్టుకునే సెట్టే మేలు అనుకుంటాను. ఇంప్లాంట్లన్నిటినీ ఒక లోహపు కమ్మీతో కలిపి, దాని మీద క్లిప్పులతో టక్కున పట్టుకునే సెట్టు అన్నమాట. తీస్తే లోపల అంతా కనపడుతుంది, మళ్లీ పుండు ఏదన్నా వస్తే మొదట్లోనే దొరుకుతుంది, బ్రష్ చెయ్యడం తేలిక, లోపలికి పీక్కుపోయిన పెదవిని, బుగ్గని ఆ సెట్టు అంచుతో కొంత నిండుగా చెయ్యొచ్చు.

అచ్చు తీసేటప్పుడు చిన్న నోట్లో ట్రే పట్టక తిప్పలు పడతాం, స్కానర్ ఉన్నచోట కాస్త సుఖం. అచ్చు ఎలా తీసినా కమ్మీ చేశాక ఒకసారి నోట్లో పెట్టి చూసే అపాయింట్‌మెంట్ ఉండాలి. ఆ రోజు డాక్టరు ఒక చివర స్క్రూ ఒక్కటే బిగించి రెండో చివర చూస్తారు, అక్కడ కమ్మీ ఇంప్లాంట్ మీద వెంట్రుకవాసి కూడా లేవకుండా కూర్చోవాలి. లేస్తే కమ్మీని కోసి మళ్లీ అతికించాలి, అలాగే బలవంతంగా బిగిస్తే ఆ లాగుడు రాత్రింబవళ్లు ఇంప్లాంట్ల మీద ఉండి స్క్రూలు విరుగుతాయి. తర్వాత మైనం మీద పళ్లు పెట్టి చూపిస్తారు, అప్పుడు ఇంట్లోవాళ్లని వెంట తీసుకెళ్లండి, నవ్వండి, మాట్లాడండి, పెదవి పక్క పడిపోయినట్టు ఉంటే అప్పుడే చెప్పండి, మైనంలో మార్చడం ఐదు నిమిషాల పని.

వెంటనే ఖరీదైన పళ్లకి పోవద్దు. మొదట ప్లాస్టిక్ పళ్లతో రెండు మూడు నెలలు తిని చూస్తే ఎక్కడ బుగ్గ కొరుక్కుంటున్నారు, ఎక్కడ బరువు ఎక్కువ పడుతోంది, ఏ మాట తేడాగా వస్తోంది అన్నీ బయటపడతాయి, అవి సరిదిద్దాక అదే షేపుని అసలు పళ్లలోకి దింపుతాం. పళ్లు మొదటి పెద్ద దవడ పన్ను దాకా చాలు, అన్నం నమలడానికి వెనక చివరి దాకా అక్కర్లేదు. ఎముక మార్చిన పక్క పళ్ల తలలు కొంచెం చదునుగా, కాటు కొంచెం తేలిగ్గా పెడతాం.

ఏడో దశ: నమలడం మళ్లీ నేర్చుకోవడం

పళ్లు బిగించిన రోజే మటన్ తినేద్దామనుకుంటే నిరాశపడతారు. కింది దవడ తీసిన పక్క నరం పోయి ఉంటుంది కాబట్టి పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటాయి, అన్నం మెతుకు పెదవి మీద ఉన్నా తెలియదు, వేడి తెలియక కాలుతుంది. మొదటి రెండు వారాలు సాంబార్లో నానిన ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు. తర్వాత చపాతీ ముక్కలు పప్పులో ముంచి, ఉడికిన కూరగాయలు, చేప. ఆ తర్వాతే జొన్నరొట్టె, బాగా ఉడికిన కోడి. జంతికలు, చెరుకు, వేయించిన పల్లీలు ఎప్పటికీ పక్కన పెట్టెయ్యమనే చెప్తాను. చిన్న ముద్ద రెండు భాగాలు చేసి రెండు పక్కలా పెట్టుకుని నమలండి, మొదట్లో అద్దం ముందు తినండి.

ముద్దని పళ్ల మీదికి నెట్టేది నాలుక. నాలుక కూడా సగం తీసేసి ఉంటే ఎంత మంచి పళ్లు కట్టినా నమలడం కొంతే వస్తుంది, ఇది ముందే తెలుసుకోవాలి. అలాంటి వాళ్లకి అంగిలిని కిందికి దించే ప్లేటు పైన పెడతాం, నాలుక దానికి ఆనుతుంది, మింగడం, మాట రెండూ మెరుగవుతాయి. స్పీచ్ థెరపిస్టు దొరికితే వెళ్లండి, దొరక్కపోతే రోజూ పేపరు గట్టిగా చదవండి. కరెంటు వల్ల ఉమ్మి ఎండిపోయిన వాళ్లు పక్కన నీళ్ల సీసా పెట్టుకోండి, మిగిలిన సొంత పళ్లకి ఫ్లోరైడ్ జెల్ రోజూ రాయాలి, లేకపోతే అవి మెడ దగ్గర పుచ్చి విరిగిపోతాయి.

ఎనిమిదో దశ: కాపాడుకోవడం, ఖర్చు, కాగితాలు

తీసే సెట్టయితే రాత్రి తీసి కడిగి నీళ్లలో పెట్టండి. కమ్మీ కింద దూరే సన్న కుచ్చు బ్రష్‌తో, లావు దారం లాంటి ఫ్లాస్‌తో రోజుకి రెండు సార్లు తుడవాలి, మొద్దుబారిన చోట చెయ్యికి తెలియదు కాబట్టి అద్దం, ఫోన్ లైటు పెట్టుకుని చెయ్యండి, పెద్దవాళ్లకైతే ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి చెకప్, తర్వాత ఆరు నెలలకి, ఏడాదికో ఎక్స్‌రే. మొదటి ఏడాది ఇంప్లాంట్ చుట్టూ ఎముక ఒక మి.మీ. అటూఇటూ తగ్గడం మామూలే, ఆ తర్వాత కూడా అదే వేగంతో తగ్గుతుంటే ఆలోచించాలి. చీము, ఎముక తెల్లగా బయటికి కనపడటం, రెండు వారాలైనా మానని పుండు, కొత్తగా నొప్పి, స్క్రూ టిక్కుటిక్కుమనడం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి. కరెంటు పడ్డ పక్క పన్ను నొప్పి చేస్తే ఊళ్లో క్లినిక్‌లో పీకించుకోవద్దు, ముందు మీ సర్జన్‌తో మాట్లాడండి.

ఖర్చు విషయంలో క్యాన్సర్ ఆపరేషన్, కరెంటు ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వస్తాయి, ఆంధ్రలో 2021 మేలో బ్లాక్ ఫంగస్‌ని కూడా అందులో చేర్చారు. ఇంప్లాంట్లు, పళ్లు ఆ ప్యాకేజీలో ఉన్నాయా అన్నది మాత్రం ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని విడిగా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, లేకపోతే సీఎం సహాయ నిధికి పెట్టుకోవడానికి ఎస్టిమేట్ లెటర్ అడగండి. ఆబ్ట్యురేటర్, గైడ్ ప్లేటు లాంటివి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలో, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో చాలా తక్కువ ఖర్చుతో చేస్తారు, ప్రోస్థోడాంటిక్స్ డిపార్ట్‌మెంట్ అని అడిగి వెళ్లండి.

ఇంకొకటి, ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉంటాయి దాని మీద. ఒక్కో ఇంప్లాంట్‌కి ఒక్కో స్టిక్కర్ అడిగి తీసుకుని ఒక కార్డు మీద అతికించుకోండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఒక స్క్రూ విరిగితే ఆ కంపెనీ, ఆ సైజు స్క్రూయే కావాలి, వేరేది పట్టదు, ఆ కార్డు లేకపోతే అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి ఊహించుకోవాల్సి వస్తుంది.